ఆర్డర్ల కోసం భాను నంబరు

మా కాఫీ పేజీకి మొదట్లో రెండు వందల పన్నెండు మంది ఉండేవాళ్లు. అందులో నలభై మంది మా చుట్టాలు. పాతిక మంది నాతో ఐటీఐ చదివినవాళ్లు. మిగతావాళ్లు ఎప్పుడో అరకు చూడ్డానికి వచ్చి, రోడ్డు పక్కన మా పొట్లం కొనుక్కుని, ఇంటికెళ్లాక మమ్మల్ని మర్చిపోయినవాళ్లు. మూడేళ్లుగా ఆ అంకె కదల్లేదు. నేను మాత్రం రోజూ పొద్దున్నే పళ్లయినా తోముకోకుండా బండ ఎక్కి, అంకె చూసి దిగేవాణ్ణి. దేవుడి దగ్గరికి కూడా ఎప్పుడూ ఇంత నిష్ఠగా వెళ్లలేదు.

మాది గూడెం కొత్తవీధి మండలంలో తేనెబంద అనే ఊరు. ఇరవై ఆరు గడపలు. ఇంటింటికీ కాఫీ తోట, తోటలో సిల్వర్ ఓక్ చెట్లు, చెట్లకి మిరియాల తీగలు. ఊరి వెనక పెద్ద బండ. ఫోను పలికేది ఆ బండ మీదే, అదీ ఒకే ఒక్క కంపెనీ సిమ్ముకి. మూడేళ్ల కిందట మా ఇంట్లో ఆ సిమ్ము నా చెల్లెలు భాను దగ్గర మాత్రమే ఉండేది, నేను తరవాత కొన్నాను. జరిగినదంతా ఆ సిగ్నల్ వల్లే జరిగిందని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను.

కాఫీ పండించేవాళ్లు మా చుట్టుపక్కల బోలెడుమంది. వేయించి, పొడి కొట్టి, సొంత పేరు పెట్టుకుని అమ్ముదామనుకున్నది మా ఊళ్లో నేనొక్కణ్ణే. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. వేయించేది మా అమ్మ ఈశ్వరమ్మ. పొయ్యి మీద మట్టి మంగలం పెట్టి గింజలు కలుపుతూ, కళ్లు మూసుకుని గింజ చిట్లే చప్పుడు వింటుంది. ఎప్పుడు దించాలో ఆ చప్పుడే చెబుతుందట. భాను వెళ్లిపోయాక అమ్మకి ఆ చప్పుడు వినపడటం మానేసింది. మంగలాలకి మంగలాలు మాడ్చేది. మాడిన పొడిని పొట్లాల్లో పోసి, బొమ్మ బాగా తీసి పేజీలో పెట్టేవాణ్ణి. కొన్నవాడు రెండోసారి కొనేవాడు కాదు.

తప్పు పొడిలో ఉందని నాకు తోచలేదు. అంకెలో ఉందనుకున్నాను. అందుకే చింతపల్లి వెళ్లి, మొదట్లో పేజీ పెట్టించిన శివకుమార్ అన్నని మళ్లీ కలిశాను.

శివకుమార్ వాళ్లు తాతల నాడు నర్సీపట్నం నుంచి కొండెక్కిన షావుకార్లు. తండ్రి చింతపండు, ఉప్పు అమ్మాడు. ఇతను ఫోన్లు బాగు చేస్తాడు, దరఖాస్తులు నింపుతాడు, కొత్తగా వ్యాపారం పెట్టినవాళ్లకి పేజీలు నడపడం నేర్పుతాడు. అరచేతిలో వైకుంఠం చూపించడంలో అతని తరవాతే ఎవరైనా. చెడ్డవాడు మాత్రం కాదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. అంతా అతని మీదకి తోసేయడం సులువు, మూడేళ్లు నేను చేసింది అదే.

"ఈగలు తోలుకునే కొట్టుకి ఎవడొత్తాడు సామీ?" అన్నాడు. "సంతలో సూడు. జనం మూగిన బుట్ట కాడికే ఇంకో నలుగురు ఎల్తారు. పది వేల మందిని ఎక్కించీమంటావా?"

"ఎవులన్నా ఆళ్లు?"

"ఎవులైతే నీకేటి? అంకె అంకే కదా."

ఎక్కించేశాడు. మర్నాడు బండ ఎక్కి చూస్తే పది వేల రెండు వందల పన్నెండు. నా ఆనందం చెప్పనలవి కాదు. అక్కడితో ఆగి ఇంటికి పోయుంటే బాగుండేది. నాకు ఆశ ఎక్కువ. వచ్చినవాళ్ల మొహాలు చూద్దామని కూర్చున్నాను.

పువ్వులు, దేవుళ్లు, కార్లు, ఎవరివో పసిపిల్లలు, అద్దాల ముందు నిలబడ్డ అమ్మాయిలు. పేర్ల పక్కన అంకెలు. ఒక్కొక్కరినీ నొక్కి లోపలికి వెళ్తే ఏమీ లేదు. ఒక మాట లేదు, ఒక బొమ్మ లేదు. పది వేల మంది వచ్చి మా వాకిట్లో నిలబడ్డారు, ఒక్కరికీ నోరు లేదు. ఆపేద్దామనుకుంటూనే వేలు కిందకి జరిపాను. అక్కడ భాను ఉంది.

పేరు భాను కాదు. రియా అని ఉంది, పక్కన నాలుగు అంకెలు. మొహం మాత్రం నా చెల్లెలిది. ఎడమ కనుబొమ పక్కన పొడిపించుకున్న మూడు పచ్చబొట్టు చుక్కలు. నవ్వాపుకోబోయి ఆపుకోలేని ఆ మూతి. ఫొటో అంచులు కత్తిరించేశారు గానీ, ఒక మూల గంపలో ఉన్న ఎర్రటి కాఫీ పళ్లు నాలుగు కనిపిస్తున్నాయి. నాకు అనుమానం అక్కర్లేదు. ఆ ఫొటో తీసింది నేనే.

మూడేళ్ల కిందట పేజీ పెట్టినప్పుడు మొట్టమొదట వేసింది ఆ ఫొటో. పొట్లం బొమ్మ పెడితే ఎవరు చూస్తారు, మొహం పెట్టమన్నాడు శివకుమార్. మా ఇంట్లో చూడదగ్గ మొహం భానుదే. దానికి అప్పుడు ఇరవై ఏళ్లు. 'మా కొండ, మా పంట, మా భాను' అని రాసి, ఊరి పేరు వేసి, కింద 'ఆర్డర్ల కోసం భాను నంబరు' అని దాని ఫోను నంబరు పెట్టాను. నా సిమ్ము బండ మీద పలకదు కదా, మరి.

రెండు రోజుల్లో ఆ ఫొటోని వేల మంది చూశారు. కామెంట్లు వందలు. ఫోన్లు ఎడాపెడా వచ్చేవి. భాను పొద్దున్న, సాయంత్రం బండ ఎక్కి కూర్చునేది. వారం తిరక్కుండా వచ్చి నా ముందు నిలబడింది.

"అన్నియ్యా, ఆళ్లు కాఫీ అడగతం లేదు."

"మరేటి అడుగుతన్నారు?"

చెప్పలేదు. కాలి బొటనవేలితో నేల గీసింది. "ఆ నంబరు తీసెయ్" అంది.

"కొన్నాళ్లు ఓర్సుకో. మర్యాదగా మాటాడితే ఆళ్లే కొంటారు," అన్నాను. పైగా ఆ ఫొటో ఇంకా ఎక్కువ మందికి కనపడాలని డబ్బు కట్టాను. నెల పోయాక భాను ఫోను ఆపేయడం మొదలుపెట్టింది. ఆర్డర్లు పోతున్నాయని ఊరంతా వినేలా తిట్టాను. ఆ తరవాత ఒక సంత రోజున పొట్లాల సంచీ భుజాన వేసుకుని జీపెక్కి చింతపల్లి వెళ్లింది. సాయంత్రం జీపు తిరిగొచ్చింది. భాను రాలేదు. ఫోను పలకలేదు. ఇప్పటికీ పలకలేదు.

స్టేషన్లో కాగితం రాసిచ్చాం. "ఎవరైనా ఫోన్లు చేసి విసిగించేవారా?" అని అడిగారు. నేను లేదన్నాను. పేజీ మూయించేస్తారేమోనని భయం. అప్పుడే మూడు పెద్ద ఆర్డర్లు వచ్చి ఉన్నాయి. ఇంతకన్నా పెద్ద కారణం ఏమన్నా ఉంటే బాగుండునని నాకూ ఉంటుంది. లేదు.

మా ఊళ్లో ఒక కట్టుబాటు. ఉన్నారో పోయారో తెలియని మనిషిని పేరు పెట్టి పిలవకూడదు. ఉంటే ఆ పిలుపు వాళ్లకి వినపడదు. పోయుంటే వినపడుతుంది, వచ్చేస్తారు, ఇంక వెళ్లరు. అందుకని మా ఇంట్లో మూడేళ్లుగా భాను పేరు లేదు. ఎప్పుడైనా తప్పనిసరై అనాల్సొస్తే అమ్మ 'గుంట' అనేది, మా వైపు ఆడపిల్లని అలాగే అంటారు. నేను అదీ అనేవాణ్ణి కాదు.

ఆ పొద్దున బండ మీద ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. కట్టెల మోపుతో అమ్మ వెనక నుంచి వచ్చింది. నేను ఫోను దాచేలోపే చూసేసింది. మోపు దించలేదు. అలాగే వంగి, నా భుజం మీదుగా చూస్తూ నిలబడింది.

"ఎక్కడుంది?" అంది.

"అమ్మా, ఇది ..."

"ఎక్కడుందిరా గుంట?"

"పేరు ఏరేగా ఉందమ్మా. రియా అనుంది."

ఈ మాటతో వదిలేస్తుందనుకున్నాను. అమ్మ మోపు దించి బండ మీద కూర్చుంది. చెమట తుడుచుకుంది.

"పేరు మార్సుకుంది," అంది. "మంచి పని సేసింది. నాకు ముందు పుట్టినోళ్లు ఇద్దరు పోనారు. నాను పుట్టగానే మాయమ్మ నన్ను సేటలో పెట్టి పక్కింటి ముసల్దానికి గుప్పెడు తవుడుకి అమ్మీసి, మళ్లీ కొనుక్కుంది. పేరు మార్సీసింది. నన్ను ఎతుక్కుంటా వచ్చినదానికి నాను కనపళ్లేదు. బతికినాను. ఇదీ అలగే బతికింది."

అప్పుడే చెప్పేయాల్సింది. అమ్మా, ఇది భాను కాదు, ఎవడో దొంగ నా పేజీలోంచే ఫొటో ఎత్తుకుపోయి, లేని మనిషిని తయారుచేసి, నాకే అమ్మాడు, అనాల్సింది. నోటిదాకా వచ్చింది. అమ్మ మొహం చూసి మింగేశాను. ఆ మధ్యాహ్నం అమ్మ రెండోసారి అన్నం పెట్టుకుని తింది. మూడేళ్లలో అలా తినడం నేను చూళ్లేదు. సాయంత్రం పొయ్యి ముందు కూర్చుని గింజలు వేయించింది. ఒక్క గింజ మాడలేదు.

శివకుమార్ అమ్మిన దాంట్లో మరో తిరకాసు ఉంది. నేను ఏ బొమ్మ పెట్టినా ఆ పది వేల మందిలో కొన్ని వందల మంది గుండె గుర్తు నొక్కుతారు. మనుషులు నొక్కరు, ఎక్కడో మరేదో నొక్కిస్తుంది. ఒక్కోరోజు ఆ వందల్లో రియా ఉండేది. ఒక్కోరోజు ఉండేది కాదు. అమ్మకి అదెలా తెలిసిందంటే, నేనే చెప్పాను. మొదటిరోజు 'నొక్కింది' అని సంబరంగా చెప్పాను. అంతే, మెడకో డోలు కట్టుకున్నట్టయింది. రోజూ పొద్దు వాలే వేళకి అమ్మ బండ ఎక్కి వచ్చేది.

"ఏటిరా, గుంట నొక్కిందేటి?"

నొక్కితే కాసేపు కూర్చుని, ఆ మొహం చూసి, దిగి వెళ్లి పొయ్యి వెలిగించేది. నొక్కని రోజు ఏమీ అనేది కాదు. అన్నం ముట్టేది కాదు. దాంతో నేను మళ్లీ చింతపల్లి పోయి, ఆ గుండెలు ఇంకా ఎక్కువ పడేలా చెయ్యమని శివకుమార్ని అడిగాను. పెద్ద ప్యాకేజీ కావాలా అన్నాడు. కావాలన్నాను. వ్యాపారం పుంజుకుందనుకుని అతను నా వీపు తట్టాడు.

అమ్మ అక్కడితో ఆగలేదు. "ఓ ముక్క రాయరా," అంది. "అమ్మ అడిగిందని రాయి."

రాశాను. అటునుంచి క్షణంలో ఇంగ్లీషులో జవాబొచ్చింది. హలో డియర్, ఇంట్లో కూర్చుని సంపాదించండి, ఈ లింకు నొక్కండి. అమ్మ నా పెదాలకేసి చూస్తోంది.

"బాగున్నానమ్మా అంటోంది," అన్నాను.

"ఇంకేటంటోంది?"

"నువ్వు తిన్నావా అంటోంది."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను కొండల వైపు చూశాను.

అలా రోజుకో ఉత్తరం చదివాను. విశాఖపట్నంలో బట్టల కొట్లో పని అని చదివాను. ఇద్దరు ఆడపిల్లలతో కలిసి గదిలో ఉంటున్నానని, చేపల వాసన పడటం లేదని, సముద్రం చప్పుడుకి మొదట్లో నిద్ర పట్టేది కాదని చదివాను. ఎప్పుడొస్తుందని అమ్మ అడిగితే, సెలవు దొరకలేదని చదివాను. కాఫీ గురించి రాసిన ఏ పోస్టూ నాకు అంత బాగా కుదర్లేదు. ఫోన్లో మాత్రం ఎప్పుడూ ఒకటే ఉండేది. హలో డియర్. హలో డియర్. హలో డియర్.

రానురాను నాకు భయం వేయడం మొదలైంది. ముందు నేను ఆలోచించుకుని చెప్పేవాణ్ణి. తరవాత ఆలోచించకుండానే మాట వచ్చేసేది, అదీ భాను మాట్లాడే తీరులో, భాను సాగదీసే చోట సాగుతూ. ఒకసారి 'అమ్మా, ఎర్రకోడి గుడ్లు పెడతందేటి?' అని చదివాను. ఎర్రకోడి భాను కోడి. ఆ కోడి సంగతి నేను ఏళ్లుగా తలుచుకోలేదు. బండ మీద భాను ఎప్పుడూ కూర్చునే పల్లం ఒకటుంది. అక్కడ నేను గానీ అమ్మ గానీ కూర్చోవడం మానేశాం. ఎవరూ చెప్పలేదు. ఎవరో కూర్చున్న చోటు వదిలినట్టు వదిలేశాం. ఆ పల్లం వైపు నా చెవి ఎప్పుడూ జివ్వుమంటూ ఉండేది.

ఇంతలో అరకులో కాఫీ కొట్టు నడిపే సుష్మ గారు ఫోన్ చేశారు. అమ్మ ఈమధ్య వేయించిన పొడి ఎవరో ఆవిడకి రుచి చూపించారట. నెలనెలా తీసుకుంటానన్నారు. అప్పుడు ఆవిడ కాస్త ఆగి, "మీ పేజీ చూశాను స్వామి గారూ," అన్నారు. "పది వేల మంది ఉన్నారు. పొట్లం అందిందనో, బాగుందనో, కనీసం బాగాలేదనో ఒక్కరూ రాయలేదు. వీళ్లు మనుషులు కాదు కదా?"

ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"సిగ్గుపడకండి. నేనూ మొదట్లో కొన్నాను. ఆ తరవాత నిజంగా తాగేవాళ్లకి నా కబురు అందడం మానేసింది. శ్మశానంలో కొట్టు పెట్టుకున్నట్టయింది నా పని. వాళ్లందరినీ తీసేయండి. తీసేశాక సరుకు మాట్లాడుకుందాం."

సరేనన్నాను. ఫోను పెట్టేశాక పది వేల మందీ గుర్తు రాలేదు, ఒక్కతే గుర్తొచ్చింది. తీసేస్తే అమ్మకి ఏం చెప్పాలి? గుంట నిన్నటిదాకా ఉంది, ఇవాళ లేదు అని చెప్పాలా? ఒకసారి పోగొట్టింది చాలక రెండోసారి నా చేత్తో నేనే పోగొట్టాలా? తీయకపోతే ఈ వ్యాపారం లేదు. అది పోయినా పోనీ అనుకోవచ్చు. రేపో మాపో అమ్మ చీర మూట కట్టుకుని, పద విశాఖపట్నం, నా కూతుర్ని చూపించు అంటే ఎక్కడికి తీసుకెళ్లను?

నాలుగు రోజులు ఆ పని వాయిదా వేశాను. అయిదోరోజు మధ్యాహ్నం మంచు దిగింది. చలికాలం మా కొండల మీద అంతే, పట్టపగలే ఎదురుగా ఉన్న చెట్టు మాయమైపోతుంది. బండ మీద నేను, అమ్మ, ఆ పల్లం. మిగతా లోకం లేదు. అమ్మ నిజంగానే చీరలు మూట కట్టి పక్కన పెట్టుకుంది.

"రాయరా," అంది. "అమ్మ వత్తాందని రాయి. ఏ బస్సు దిగాలో సెప్పమను."

రాశాను. జవాబు వచ్చింది, ఎప్పటిదే. ఇప్పుడే రావద్దమ్మా, కొట్టు మారుతున్నాను అని చదువుదామని పొద్దుటి నుంచీ సిద్ధం చేసుకుని ఉన్నాను. నోరు తెరిచాను.

"ఆ నంబరు తీసెయ్యమన్నాను కదా అన్నియ్యా," అన్నాను.

నా గొంతే. మాట నాది కాదు. ప్రమాణం చేసి చెబుతున్నాను, ఆ మాట అంటున్నానని నాకు తెలియదు. బయటికొచ్చాక చెవులతో విన్నాను. మంచులో పల్లం వైపు చూడాలంటే ధైర్యం చాల్లేదు. అమ్మ అటే చూస్తోంది. చాలాసేపు చూసింది.

"ఏ నంబరు?" అంది.

ఫోను జేబులో పెట్టేసుకోబోయాను.

"నిన్నేరా. ఏ నంబరు?"

చెప్పేశాను. ఒక వరస లేకుండా, ముందుది వెనకా వెనకది ముందూ చెప్పాను. ఆ ఫొటో, దాని కింద నంబరు, మగవాళ్లు రాసిన కామెంట్లు, తీసెయ్యమని భాను అడగడం, నేను తియ్యకపోగా డబ్బు కట్టడం, తిట్టడం, స్టేషన్లో అబద్ధమాడటం. ఈ రియా మనిషి కాదని, శివకుమార్ దగ్గర కొన్న బొమ్మని, విశాఖపట్నం లేదు, బట్టల కొట్టు లేదు, అన్నీ నేను కల్పించి చదివానని చెప్పాను. భాను పేరు ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదు. ఏడుస్తూనే ఉన్నాను. నాకు చెడ్డ జాలేసింది, నా మీదే. అలాంటప్పుడు కూడా మనిషికి తన మీదే జాలి పుడుతుంది.

అమ్మ ఏడవలేదు. కొడుతుందేమోనని చూశాను. కొట్టినా బాగుండేది.

"నాతోనూ సెప్పింది," అంది. "రాతిరి పక్కలో పడుకుని సెప్పింది. అమ్మా, మొగోళ్లు ఏటేటో అంటన్నారే అని. అన్న ఏపారం, నోరు మూసుకుని పడుండు అన్నాను. నాను సెప్పిన మాట అది." ఫోను కేసి చెయ్యి చాపింది. "అది మన గుంట కాదంటావు."

"కాదమ్మా."

"మొగం దాందే కదా. ఆ లేనోళ్ల మజ్జన దాన్ని ఉంచకు. తీసెయ్."

తీసేశాను. రియా పోయింది. అమ్మ తెర వైపే చూస్తోంది, కన్ను ఆర్పలేదు.

"ఆ మొదటి ఫొటో ఉందేటి ఇంకా?"

ఉంది. మూడేళ్లుగా పేజీలో అన్నిటికన్నా పైన ఉంది. దాని చివరి ఫొటో కదా అని ఉంచానని ఎవరైనా అడిగితే చెప్పేవాణ్ణి. నిజం ఏమిటంటే మా పేజీలో అంత మంది చూసింది మరొకటి లేదు. తీసి చూపించాను. గంపతో భాను నవ్వుతోంది. "దీన్నీ తీసేత్తానమ్మా," అని వేలు పెట్టబోయాను. అమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"దీని కింద మొగోళ్లు రాసినారన్నావు. ఆళ్ల పేర్లు ఉంటాయేటి?"

"ఉంటాయి."

"సదువు. పేర్లు రాసుకో. రేపు స్టేషనుకి ఎలదాం. ఈసారి నాను మాటాడతాను."

జేబులో పొట్లాల మీద అంటించే కాగితాలున్నాయి. వాటి వెనక రాయడానికి పెన్ను తీశాను. ఒక్క సంగతి చెప్పాలి. ఆ కామెంట్లు నేను అప్పటిదాకా సరిగ్గా చదవలేదు. ఎన్ని వచ్చాయో లెక్క చూసుకున్నాను, అంతే. వెయ్యి దాటిన రోజు కోడిని కోశాం. భాను తినలేదు.

మొదటిది చదివాను. 'పండు బాగుంది. కాఫీ పండు కాదు.' అమ్మ తలాడించింది. పేరు రాశాను.

"దాని కింద ఇంకేదో ఉంది. అదేటి?"

"అది నాను రాసింది." కొత్త పేజీకి ఎవరేమన్నా వెంటనే జవాబివ్వాలని శివకుమార్ చెప్పాడు. చదివే ఓపిక లేక ఒకటే ముక్క అందరికీ అంటించుకుంటూ పోయాను.

"సదువు."

"ధన్యవాదాలు సార్. ఆర్డర్ల కోసం భాను నంబరుకి ఫోన్ చేయండి."

"తరవాతది."

'ఈ పిల్లని కూడా పార్సిల్ చేస్తారా?' దాని కింద, ధన్యవాదాలు సార్, ఆర్డర్ల కోసం భాను నంబరుకి ఫోన్ చేయండి. 'రేటెంత? పొడికి కాదు.' ధన్యవాదాలు సార్. ఆర్డర్ల కోసం భాను నంబరుకి ఫోన్ చేయండి. పేరు రాశాను. మరో పేరు రాశాను. నాలుగు కాగితాలు నిండాయి. నేను చదవలేక ఆగిన చోటల్లా అమ్మ ఆగింది, నీళ్లు తాగమనలేదు. 'తరవాతది' అంటూనే ఉంది.

అలా చదువుతూ ఒకచోట నేను ఆగిపోయాను. అదొక్కటే మర్యాదగా ఉంది. అందుకే కాబోలు, దానికి అప్పట్లో నేను అంటించే ముక్క కాకుండా శ్రద్ధగా, చేత్తో జవాబు రాశాను. తేదీ చూశాను. భాను జీపెక్కిన రోజుకి రెండు రోజుల ముందు.

"సదువు," అంది అమ్మ.

"'అమ్మాయిని కలిసి తీసుకోవాలంటే ఎక్కడికి రావాలి?' అని రాశాడమ్మా."

"పేరు రాసుకున్నావా?"

"రాశాను."

"దానికి నువ్వేటి రాసినావు?"

"అమ్మా ..."

"సదువు."

"చింతపల్లి సంతకి రండి సార్," చదివాను. "భాను ఒక్కతే వస్తుంది. మీరు వస్తారని నేను చెప్పి పంపిస్తాను."

అమ్మ చీరల మూట ఒళ్లోకి లాక్కుంది. మంచు అలాగే ఉంది.

"సెప్పినావా దానికి?" అంది చివరికి.

"సెప్పినాను. మంచి సారు, ఎదురుసూడమన్నాను."